రెండోసారి దిగే కన్నీరు

స, ని, ద, ప. షడ్జం నుంచి కింది పంచమం దాకా నాలుగే స్వరాలు, ఒకదాని కింద ఒకటి. నిషాదం కైశికి, ధైవతం శుద్ధం. ల్యూట్ అంటే వేళ్లతో మీటే పాతకాలపు తీగెల వాద్యం. ఇంగ్లండుకి చెందిన జాన్ డౌలండ్ అనే ల్యూట్ విద్వాంసుడు 1590లలో ఒక పావాన్‌ని, అంటే నెమ్మదిగా నడిచే నాట్యపు రచనని, ఈ నాలుగు స్వరాలతో ఎత్తుకున్నాడు. దాని పేరు 'లాక్రిమే', అంటే కన్నీళ్లు. పేరుకి తగ్గట్టే స్వరాలు చెంప మీద జారినట్టు జారతాయి. ఆ ఎత్తుగడ ఎంతగా జనంలోకి వెళ్లిందంటే, 1600లో దానికి మాటలు చేరి పాటగా అచ్చయింది. 1604లో డౌలండే అదే ఎత్తుగడతో ఏడు పావాన్లు రాసి, కమానుతో వాయించే ఐదు వయోల్ వాద్యాలకీ ఒక ల్యూట్‌కీ కూర్చి, ఏకంగా పుస్తకం వేశాడు. ఒకచోట సంతకం చేస్తూ తన పేరు చివర 'లాక్రిమే' అని ఇంటిపేరులా తగిలించుకున్నాడు కూడా.

కానీ ఈ పోస్టు డౌలండ్ ల్యూట్ గురించి కాదు. అదే పావాన్‌ని విలియం బర్డ్ అనే పెద్దాయన కీబోర్డు మీదికి తెచ్చిన తీరు గురించి. ఒక్క మనిషి, పది వేళ్లు, మీటితే మోగే తీగెలు. నేను ఎక్కువగా వాయించేదీ, వాయించిన కొద్దీ లోతు కనబడుతున్నదీ అదే.

నేను విశాఖపట్నంలో పిల్లలకి వీణ చెబుతాను. పుట్టి పెరిగింది, నేర్చుకున్నది విజయనగరంలో. ఈ డిజిటల్ పియానో మా అబ్బాయిది. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక అది హాల్లోనే ఉండిపోయింది. ఖాళీగా ఉంచడం ఇష్టం లేక వాడి పాత పుస్తకాలు తీసి మొదలుపెట్టాను. రాత్రి వంటిల్లు సర్దేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను. ఆ పుస్తకాల్లో ఒకదాని వెనక పేజీల్లో బర్డ్ రాసిన చిన్న పావాన్ ఉంది, సాల్స్‌బరీ ప్రభువు పేరు మీద. నన్ను ఈ దారిలోకి లాగింది అదే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ నాలుగు స్వరాల పని పూర్తి చేయాలి.

పంచమం దగ్గర ఆగిన వరస అక్కణ్ణించి ఒక్క గెంతులో షడ్జానికి పైనున్న గాంధారాన్ని పట్టుకుంటుంది. సాధారణ గాంధారం. పట్టుకుని మళ్లీ నాలుగు స్వరాలు దిగుతుంది: గ, రి, స, ని. ఈ రెండో దిగుడులో నిషాదం కైశికి కాదు, దానికన్నా కాస్త ఎత్తున ఉండే కాకలి. అంటే మొదటి వాక్యంలో ఒక నిషాదం, పక్క వాక్యంలోనే ఇంకో నిషాదం. పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం లేదు, మైనర్ స్కేలులో ఇది రోజూ జరిగేదే. వీణ చెవికి మాత్రం అది వినబడే తీరు వేరు.

మా పెద్దమ్మ చలికాలంలో మా ఇంట్లో ఉంటుంది. ఎనభై దాటిన మనిషి, గొంతు పోయింది గానీ చెవి పోలేదు. ఒక సాయంత్రం హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకర్లో వాయిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏటే అది, నటభైరవా?"

"కాదు పెద్దమ్మా, ఇంగ్లీషువాళ్లది. నాలుగొందల ఏళ్ల కిందటిది."

మళ్లీ వాయించమంది. రెండో దిగుడు చివర చెయ్యెత్తి ఆపింది. "ఇక్కడ నిషాదం మార్చీసేవు."

"నేను కాదు, రాసినాయనే మార్చాడు."

కాసేపు ఊరుకుని, "అయితే తెలిసే మార్చేడు. మొదటి నిషాదానికి దిగడమే పని. రెండోది షడ్జం కేసి చూస్తంది," అంది.

పాశ్చాత్య సిద్ధాంతంలో దాన్ని లీడింగ్ నోట్ అంటారు. షడ్జం వైపు లాగే స్వరం. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నదాన్ని పెద్దమ్మ రెండుసార్లు విని చెప్పేసింది. డౌలండ్ చేసిన అసలు పని ఏమిటంటే, షడ్జం కేసి అలా చూసే స్వరం దగ్గరే వాక్యాన్ని ఆపేయడం. అది ఇంటి గుమ్మం చూస్తుంది, లోపలికి అడుగు పెట్టదు. మొదట దిగి ఆగిన పంచమం కన్నా ఇది ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే మొదటిదానిలో ఆశ లేదు, ఇందులో ఉంది.

పావాన్ అంటే నాట్యం. వేగంగా గెంతే నాట్యం కాదు, నడక. 1589లో ఫ్రాన్సులో థువానో ఆర్బో అన్న పేరుతో ఒక మతగురువు నాట్యాల మీద పుస్తకం అచ్చు వేయించాడు. ఆడామగా జంటలుగా చేతులు పట్టుకుని, రెండు చిన్న అడుగులు, ఒక పెద్ద అడుగు వేస్తూ హాలంతా తిరుగుతారని అందులో ఉంది. రాజులు పొడుగాటి అంగీలతో, రాణులు నేల మీద ఈడ్చుకొచ్చే గౌన్లతో నడవడానికి అనువైన నాట్యమట. డోలు దరువు ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, మళ్లీ ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు. అంతే. 1597లో లండన్‌లో థామస్ మోర్లీ తన సంగీత పాఠ్యగ్రంథంలో పావాన్‌కి లక్షణం చెప్పాడు: గంభీరమైన నాట్యానికి తగిన సంగీతం, మామూలుగా మూడు భాగాలుంటాయి, ప్రతి భాగాన్నీ రెండేసిసార్లు వాయించాలి.

ఈ 'రెండేసిసార్లు' అన్న మాట దగ్గరే నా పోస్టంతా ఉంది.

నాట్యానికైతే రెండోసారి వాయించడం అవసరం కోసం. హాలు పెద్దది, అడుగులు చిన్నవి, పాట అయిపోకూడదు. బర్డ్ కాలానికి చాలా పావాన్లకి ఎవరూ అడుగులు వేయడం లేదు, కూర్చుని వింటున్నారు. అయినా రెండుసార్లు వాయించే పద్ధతి పోలేదు. అడుగులు లేనప్పుడు అదే మాట మళ్లీ ఎందుకు? కీబోర్డు వాళ్లు దానికి ఒక దారి కనిపెట్టారు. మొదటిసారి భాగాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తారు. రెండోసారి అదే నడకలో, అవే కార్డ్‌ల (ఒకేసారి కలిసి మోగే స్వరాల) మీద, ఆ పెద్ద స్వరాల మధ్య చిన్న స్వరాలు నింపి వాయిస్తారు. మన సంగతులతో దీన్ని పోల్చాలని మొదట్లో నాకూ అనిపించింది గానీ, కుదరదు. సంగతి ఒకే పంక్తిని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతుంది. ఇక్కడ భాగం మొత్తం ఒకసారి పూర్తయ్యాక, మొదటి నుంచి మళ్లీ, ఒకే ఒక్కసారి. తరువాత దాన్ని వదిలేసి ముందుకి వెళ్లిపోవాలి. మూడో అవకాశం లేదు.

ఇప్పుడు సాల్స్‌బరీ సంగతి. సాల్స్‌బరీ ప్రభువంటే రాబర్ట్ సెసిల్. ఎలిజబెత్ రాణికి, ఆమె తరువాత జేమ్స్ రాజుకి మంత్రి, గూఢచారి వ్యవస్థంతా ఆయన చేతిలో ఉండేది. చిన్న ఆకారం, వంగిన వెన్ను. 1612 మే 24న చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది నెలలకే లండన్‌లో 'పార్థీనియా' అనే పుస్తకం వచ్చింది. రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసిన 21 కీబోర్డు రచనలు, ఇంగ్లండులో వర్జినల్ అనే ఆనాటి కీబోర్డు కోసం అచ్చయిన మొదటి పుస్తకం. బర్డ్, జాన్ బుల్, ఓర్లాండో గిబ్బన్స్ ముగ్గురివీ ఉన్నాయి అందులో. బర్డ్‌కి అప్పటికి డెబ్బై దాటాయి. ఆయనదీ, ఇరవైల చివర్లో ఉన్న గిబ్బన్స్‌దీ, ఇద్దరివీ సాల్స్‌బరీ పేరు మీద చెరో పావాన్ ఉన్నాయి. పోయిన మనిషికి నివాళి అనే అందరూ అనుకుంటారు.

గిబ్బన్స్‌ది పెద్ద రచన, స్వరాలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని భారంగా నడుస్తుంది. బర్డ్‌ది రెండే భాగాలు, మొత్తం కలిపి పదహారు బార్లు (మన ఆవర్తాల్లాంటివి). రెండోసారికి చిన్న స్వరాల నింపుడు లేదు, పరుగుల్లేవు. చెప్పాల్సింది చెప్పి చేతులు తీసేశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో దీన్ని వేసేది చేతికి తేలికని. మనసుకి తేలికేమీ కాదు.

నన్ను పట్టుకున్న ముడి వేరే ఉంది. ఇదే రాబర్ట్ సెసిల్‌కి, పదిహేడేళ్ల ముందు, 1595 నవంబరులో, జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి డౌలండ్ ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అంతకుముందు ఏడాది రాణి కొలువులో ల్యూట్ ఉద్యోగం ఖాళీ అయితే అడిగాడు, రాలేదు. ప్రొటెస్టంట్ రాణి కొలువులో తన కాథలిక్ మతమే కారణమనుకున్నాడు. దేశం వదిలి జర్మనీ రాజుల దగ్గరికి, అక్కణ్ణించి ఇటలీకి వెళ్లాడు. ఇటలీలో ప్రవాసంలో ఉన్న ఇంగ్లీషు కాథలిక్కులు తారసపడ్డారు. వాళ్ల మాటల్లో రాణి మీద కుట్ర వాసన తగిలేసరికి భయపడిపోయి వెనక్కి తిరిగాడు. నేను ద్రోహిని కాదని, ఒంటరిగా వెళ్లి మనసారా ఏడ్చానని, నా రాణికీ దేశానికీ పెళ్లాంబిడ్డలకీ శత్రువైన వాడికి నౌకరునయ్యే గతి పట్టిందా అని కుమిలిపోయానని ఆ ఉత్తరంలో సెసిల్‌కి విన్నవించుకున్నాడు.

అంటే లాక్రిమే రాసిన మనిషి నిజం కన్నీళ్ల గురించి చెప్పుకున్న ఉత్తరం ఎవరి బల్ల మీదికి వెళ్లిందో, ఆ మనిషి పేరు మీదే బర్డ్ తన పదహారు బార్ల పావాన్ రాశాడు. ఆ మధ్యలో అదే బర్డ్ డౌలండ్ లాక్రిమేని తన కీబోర్డుకి మార్చుకున్నాడు. బర్డ్‌దీ కాథలిక్ మతమే. రాణి ప్రార్థనాలయ గాయక బృందంలో ఉద్యోగం చేస్తూనే, చర్చి ఆరాధనకి రానందుకు జరిమానాల జాబితాల్లోకెక్కాడు. 1590ల మొదట్లో లండన్ పరిసరాలు వదిలి ఎసెక్స్‌లోని స్టాండన్ మాసీ పల్లెకి మారిపోయాడు. డౌలండ్ కన్నా ఇరవై ఏళ్లకి పైగా పెద్ద. సొంతంగా పావాన్లు గుట్టలుగా రాసినవాడు, ఇంకొకరి పావాన్ అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేనివాడు. తెచ్చుకున్నాడంటే, చిన్నవాడి ఆ నాలుగు స్వరాల్లో తను చెప్పాల్సింది కూడా ఏదో వినబడి ఉంటుందని నేను నమ్ముతాను. ఇది నా నమ్మకం, చరిత్ర కాదు.

బర్డ్ రచన ఫిట్జ్‌విలియం వర్జినల్ బుక్ అనే రాతప్రతిలో ఉంది. మొత్తం 297 రచనల మహాసంపుటి. ఫ్రాన్సిస్ ట్రిజియన్ అనే కాథలిక్ ఖైదీ లండన్‌లో ఫ్లీట్ జైల్లో కూర్చుని రాసుకున్నాడని చాలాకాలం అందరూ నమ్మారు, ఇప్పుడు కొందరు పండితులు కాదంటున్నారు. 1816లో ఫిట్జ్‌విలియం ప్రభువు వీలునామా ద్వారా అది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చేరింది. 1899లో ఫుల్లర్ మెయిట్‌లండ్, బార్‌క్లే స్క్వైర్ పరిష్కరించిన అచ్చుప్రతి రెండు సంపుటాలుగా వచ్చింది. కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నేను ప్రింటు తీసుకున్నది అదే. రచన తల మీద డౌలండ్ పేరు వేసి, దాన్ని సిద్ధం చేసింది బర్డ్ అని రాశారు. ఇద్దరి పేర్లూ ఒకే వరసలో ఉండటం నాకు బాగా నచ్చిన విషయం.

వాయిద్యం గురించి చెప్పకుండా రెండోసారి గురించి చెప్పలేను. ఆ రోజుల్లో ఇంగ్లండులో మీటే కీబోర్డులన్నిటినీ వర్జినల్స్ అనేవారు. మీట నొక్కితే లోపల ఒక చెక్కపుల్ల పైకి లేస్తుంది, దాన్ని జాక్ అంటారు. దానికి అడ్డంగా గుచ్చిన పక్షి ఈక ముక్క తీగెని గీకి వదిలేస్తుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఈక గీకే తీరు దాదాపు ఒకటే, అందుకని శబ్దమూ దాదాపు ఒకటే. పియానోలో లాగా ఒక స్వరాన్ని పెద్దదిగా, ఇంకోదాన్ని చిన్నదిగా చేసే వీలు లేదు. వీణలో మీటిన తీగెని ఎడమచేత్తో లాగి గమకం తీస్తే స్వరం బతుకుతూ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. మీటిన క్షణంలోనే శబ్దం తగ్గడం మొదలవుతుంది.

ఈ నాలుగు స్వరాల ఎత్తుగడని అలాంటి వాయిద్యం మీద పెట్టి చూడండి. డౌలండ్ పాటలో గొంతు షడ్జాన్ని పట్టుకుని నిలబడగలదు. వయోల్ కమాను నిలబెడుతుంది. వర్జినల్ మీద షడ్జం మోగి, తగ్గి, దాదాపు ఆరిపోతుండగా నిషాదం వస్తుంది. బర్డ్ మొదటిసారి ఆ ఆరిపోవడాన్ని కూడా వినమంటాడు. రెండోసారి ఆ ఖాళీల్లో చిన్న స్వరాలు పరుగెడతాయి, ఒకసారి కుడిచేతిలో, ఒకసారి ఎడమచేతిలో. షడ్జం నుంచి నిషాదానికి ఒక్క అడుగే. కానీ ఆ అడుగు పడేలోగా చెయ్యి చుట్టుపక్కలంతా తిరిగి వస్తుంది. అలంకారం కోసం చేసిన పని అనుకుంటే వేళ్ల విన్యాసంలాగే వినబడుతుంది, రికార్డింగుల్లో చాలామంది అలాగే వాయిస్తారు కూడా. నేననుకునేది వేరు. ఆరిపోతున్న స్వరాన్ని ఆరనివ్వకుండా పట్టుకోవడానికి వర్జినల్‌కి ఉన్న ఒకే ఒక్క సాధనం మరిన్ని స్వరాలు. దుఃఖం నిలవాలంటే చెయ్యి కదులుతూనే ఉండాలి. అందుకే రెండోసారి స్వరాలు ఎక్కువ ఉన్నా వేగం పెరగకూడదు. కింద నడక అదే నడక, ఆర్బో చెప్పిన ఒక దీర్ఘం రెండు హ్రస్వాల నడక.

వేళ్లు పెట్టే పద్ధతి ఇక్కడ చాలా తేడా తెస్తుంది. ఇప్పటి పియానో పాఠాల్లో స్వరాల వరస వాయించేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ల కిందనుంచి పోనిచ్చి, అంతా ఒకే గీతలా నునుపుగా రావాలంటారు. ఆ కాలపు ఇంగ్లీషు రాతప్రతుల్లో అక్కడక్కడా వేళ్ల అంకెలు కనిపిస్తాయి. కుడిచేతిలో పైకి పోతుంటే 3, 4, 3, 4. మధ్యవేలు, ఉంగరంవేలు, మళ్లీ మధ్యవేలు, ఉంగరంవేలు. బొటనవేలికి పెద్దగా పనిలేదు. మధ్యవేలు తాళం పడే స్వరం మీదికి వస్తుంది, ఉంగరంవేలు దాని నీడలా వెనకాలే పడుతుంది. ప్రతి జంట తర్వాత ఉందా లేదా అన్నంత సన్నని ఎడం వస్తుంది, ఎందుకంటే మధ్యవేలు ఉంగరంవేలిని దాటి వెళ్లాలి. ఆ ఎడమే ఊపిరి. నేను అబ్బాయి పుస్తకంలోని పద్ధతి మానేసి ఈ అంకెలతో సాధన చేయడం మొదలుపెట్టాక, రెండో ఆవృత్తిలోని పరుగు వినే తీరే మారిపోయింది. ధారలా కారడం పోయి, ఉండి ఉండి వస్తోంది.

ఆ రాతప్రతుల్లో స్వరాల గుర్తులకుండే నిలువు గీతల మీద అడ్డంగా రెండు చిన్న గీతలు కొట్టి ఉంటాయి, ఒక్కోచోట పేజీ నిండా. అది గమకపు గుర్తు. అంతవరకు ఖాయం. పై స్వరంతో కంపించాలా కింది స్వరంతో కంపించాలా, ఎన్నిసార్లు, ఎక్కడ మొదలు, ఈ వివరాలు చెప్పే పట్టిక ఆ రచయితలెవరూ వదిలి వెళ్లలేదు. ఇప్పటి వాయిద్యకారులు తలో రకంగా వాయిస్తారు. గురుముఖంగా వచ్చే విద్యలో పెరిగినదాన్ని కాబట్టి నాకిది కొరతగా అనిపించదు. గురువు దగ్గర కూర్చున్నవాడికి ఆ గుర్తు చాలు. గురువు లేకపోవడమే ఇప్పటి ఇబ్బంది. దిగే స్వరాల మీద నేను కింది స్వరంతోనే వేస్తున్నాను, అది కూడా పొట్టిగా. కాకలి నిషాదం మీద మాత్రం వీలైతే అసలు వేయను. ఆ స్వరం కదలకుండా ఉండటమే దాని బాధ.

శ్రుతి సంగతి కూడా ఒక మాట. ఇప్పటి పియానోలో పన్నెండు స్వరాలనీ సమానంగా పంచేశారు, అర స్వరం అంటే కచ్చితంగా 100 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే కొలత). ఆ కాలంలో కీబోర్డుల్ని మీన్‌టోన్ అనే పద్ధతిలో శ్రుతి చేసేవారు. అందులో అంతర గాంధారం సహజంగా, 386 సెంట్ల దగ్గర పలుకుతుంది, పియానోలో 400. దానికి మూల్యంగా కాకలి నిషాదానికీ షడ్జానికీ మధ్య దూరం పెరుగుతుంది, 117 సెంట్లు. నా వాయిద్యం మెనూలో శ్రుతి పద్ధతి మార్చే వీలుంది. మార్చి వాయించి చూశాను. పెద్దమ్మ అన్న ఆ 'షడ్జం కేసి చూసే' స్వరం ఇంకాస్త దూరం నుంచి చూస్తోంది. మనం కళ్యాణిలోనో శంకరాభరణంలోనో కాకలి నిషాదాన్ని షడ్జానికి బాగా దగ్గరగా, దాదాపు ఆనించి పలికిస్తాం. ఇక్కడ దానికి వ్యతిరేకం. అదే సమయంలో ఆ నిషాదం కింద పంచమం మీద నిలబడ్డ కార్డ్ దాదాపు కదలిక లేకుండా, శుద్ధంగా మోగుతుంది, ఎందుకంటే పంచమం నుంచి చూస్తే ఆ నిషాదం దానికి అంతర గాంధారం. వరసగా వింటే దూరం, నిలువుగా వింటే హాయి. ఒకే స్వరంలో రెండూ. మీ కీబోర్డులో ఆ మెనూ ఉంటే తప్పకుండా చేసి చూడండి.

రెండో భాగం వెలుగులోకి వస్తుంది, సాధారణ గాంధారం షడ్జమైపోయినట్టుగా మేజర్‌లో, అంటే అంతర గాంధారం పలికే స్కేలులో, మొదలవుతుంది. పొట్టి పొట్టి ముక్కలు పై గొంతుకీ మధ్య గొంతులకీ మధ్య మారుతూ, నిట్టూర్పుల్లా పోతాయి. వెలుగు నిలవదు, పంచమం మీద, ఇంటికి చేరకుండానే భాగం ముగుస్తుంది. మూడోది ఆ పంచమం నుంచే ఎత్తుకుని చివరికి షడ్జానికి చేరుతుంది, అదీ మేజర్ కార్డ్‌తో. అంత విలాపం తర్వాత అంతర గాంధారం! ఆ కాలంలో ఇది రివాజే, మైనర్ రచనల్ని మేజర్ కార్డ్‌తో ముగించేవారు. రివాజని తెలిసినా నా చేతికి అది అలవాటు కాలేదు.

వీణకి వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి వాళ్లమ్మ ఒకరోజు ముందుగా వచ్చి, గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నారు. "ఏంటండీ టీచర్‌గారూ, పొద్దున్నే ఇంత ఏడుపు పాట వాయిస్తున్నారు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, కొంచెం కంగారు కూడా ఉంది ఆ గొంతులో, ఇంట్లో ఏమైనా జరిగిందేమోనని. ఏమీ జరగలేదండీ, ఇది నాట్యం పాట అన్నాను. నమ్మలేదు. 1604 పుస్తకాన్ని అంకితమిస్తూ డౌలండ్ రాసినదాన్ని ఆవిడకి చెప్పాను: సంగీతం కార్చే కన్నీళ్లు హాయిగా ఉంటాయనీ, కన్నీళ్లు ఎప్పుడూ దుఃఖంతోనే రావనీ, ఒక్కోసారి సంతోషంలోనూ వస్తాయనీ. "అది నిజమే," అన్నారు వెంటనే. "మా చెల్లి పెళ్లిలో అప్పగింతలప్పుడు నేనలాగే ఏడ్చాను." ఆ తరువాత ఆవిడ అప్పుడప్పుడు కాస్త ముందుగా వస్తున్నారు.

ఆ ఎత్తుగడని కీబోర్డుకి తెచ్చింది బర్డ్ ఒక్కడే కాదు. అదే రాతప్రతిలో జైల్స్ ఫార్నబీ చేసిన లాక్రిమే కూడా ఉంది. ఫార్నబీ చేతిపని నేర్చిన వడ్రంగి, లండన్‌లో ఆ వృత్తి సంఘంలో సభ్యుడు. ఆయన రచనలో నాకు విసుగు పుట్టని చోటు తక్కువ. వేళ్లకి పని ఎక్కువ, ఆగి వినే చోటు తక్కువ. ఆయన సొంత చిన్న రచనలు మాత్రం ముత్యాలు, అవి వేరే పోస్టు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ స్వేలింక్ కూడా ఒక లాక్రిమే చేశాడు. ఆయన అవుడె కెర్క్ అనే పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఆ ఊరి కాల్విన్ మతస్థుల ఆరాధనలో ఆర్గన్‌కి చోటు లేదు, అందుకని నగరం ఆయనకి జీతమిచ్చి, ఆరాధనకి ముందూ తర్వాతా జనం కోసం వాయింపించుకునేది. ఇంగ్లండు దుఃఖం సముద్రం దాటి ఆయన చేతిలో మరీ నిటారుగా, నిగ్రహంగా మారింది. బర్డ్ తర్వాత నాకు ఇష్టమైంది అదే.

వినాలనుకునేవాళ్లకి: ముందు ల్యూట్ మీద డౌలండ్ మూలం వినండి, తర్వాత బర్డ్. డేవిట్ మొరోనీ బర్డ్ కీబోర్డు రచనలన్నిటినీ ఏడు సీడీల్లో, వేర్వేరు పాతకాలపు తరహా వాయిద్యాల మీద రికార్డు చేశాడు, 1999లో వచ్చింది. స్ట్రీమింగ్‌లో వెతికితే దొరుకుతుంది. పియానో మీదే ఈ తరం సంగీతం వినాలంటే పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ చేసిన బర్డ్, గిబ్బన్స్ రికార్డు ఉంది. అందులో లాక్రిమే లేదు, గిబ్బన్స్ రాసిన సాల్స్‌బరీ పావాన్ ఉంది. గూల్డ్ తనకి అందరికన్నా ఇష్టమైన స్వరకర్త గిబ్బన్స్ అని చెబుతుండేవాడు, ఆ ఇష్టం ప్రతి స్వరంలో వినబడుతుంది. వినేటప్పుడు ఒక్కటి చేయండి. మొదటి భాగం మొదటిసారి వచ్చినప్పుడు రాగాన్ని పట్టుకోండి, రెండోసారి వచ్చినప్పుడు పరుగుల్ని వదిలేసి అడుగునున్న స్వరాల నడకనే వినండి. పరుగులు వాటంతటవే వినబడతాయి.

ఆ రాతప్రతిలో బర్డ్ లాక్రిమే వెనకాలే ఒక గాలియార్డ్ ఉంది. జేమ్స్ హార్డింగ్ రాసింది, కీబోర్డుకి మార్చింది మళ్లీ బర్డే. పావాన్ తర్వాత గాలియార్డ్ వాయించడం ఆనవాయితీ: మూడు లెక్కల తాళం, చురుకైన గెంతులు. చాలామంది లాక్రిమేని విడిగా వాయించి అక్కడితో ఆపేస్తారు, కచేరీల్లో చప్పట్లు కూడా అక్కడే పడతాయి. నాకది సరిపడదు. పావాన్ చివరి మేజర్ కార్డ్ మీద చేతులు ఉండగానే పేజీ తిప్పి, హార్డింగ్ గాలియార్డ్‌లోకి వెళ్లిపోతాను. దాని ఎడమచేతి పని పావాన్ కన్నా కష్టం, ఈ నెలంతా దాని మీదే ఉన్నాను.